పంపర పనస, మా చెల్లెలి మాత్ర

ఈరోజు పొద్దున కొవ్వూరులో మా చెల్లెలి ఇంటి వసారాలో కూర్చుని, మా పెరట్లో కాసిన పంపర పనసను స్వయంగా వలిచి, పొరలు తీసి, ఒక్కొక్క తొనా ఆమె చేతిలో పెట్టి తినిపించాను. అది తప్పు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు, ఎందుకంటే ఆమె వేసుకునే మాత్రలాంటి మందుల మీదే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది.

మా చెల్లెలికి రక్త క్యాన్సర్, తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగే రకం. రోజూ అన్నం తిన్నాక ఒక మాత్ర వేసుకుంటుంది. ఆ మాత్ర ధర్మమా అని ఇంటిపని చేసుకుంటూ, ఆదివారం చర్చికి వెళ్ళొస్తూ మామూలు మనిషిలాగే ఉంది. ఈమధ్య మాత్రం పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బుతోందని, పిక్కలు పట్టేస్తున్నాయని, తిన్నది కడుపులో ఇమడడం లేదని అంటోంది. నోటికి రుచి లేదంది కదా అని నేను వెళ్ళినప్పుడల్లా పళ్ళు మోసుకెళ్తున్నాను. ఈరోజు కూడా ఆమె కళ్ళ వాపు సంగతి ఎత్తగానే, మందు గట్టిగా పనిచేస్తోందన్నమాట, కంగారుపడకు అని మాట మధ్యలోనే కొట్టేసి, ఇంకో తొన అందించాను.

తిరిగి రాజమండ్రి వస్తుంటే, ఆటో గోదావరి వంతెన సగానికి చేరినప్పుడు, ముఖం తుడుచుకోబోతే వేళ్ళకు అంటిన తొక్క ఘాటు ముక్కుకు తగిలింది. ఒకప్పుడు ఇలాగే, ఎంత కడుక్కున్నా వదలని మరో వాసన నా చేతులకు ఉండేది.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చేరాను. ఇప్పుడు మందుల షాపులో అట్టల్లో దొరికే ఈ మాత్రలు ఆ రోజుల్లో మాకు చిన్న గాజు బుడ్డిలో అడుగంటిన చిటికెడు పొడి, అంతే. దాన్ని ఒక ద్రావకంలో కలపాలి. ఆ ద్రావకం ఏసీ గదిలో పేరిన నెయ్యిలా గడ్డకట్టుకుపోతే, బుడ్డిని గుప్పిట్లో పట్టుకుని కరిగించేవాళ్ళం. చేతిమీద చుక్క పడిందంటే ఆ పూటంతా వెల్లుల్లి వాసనే.

మన కణాల్లో కైనేజులనే ఎంజైములుంటాయి. పెరగమనే కబురును కణం లోపలికి చేరవేయడం వాటి పనుల్లో ఒకటి. మన డెల్టావాళ్ళకు చెప్పాలంటే పంటకాలువ తూము తలుపులాంటివి, అవసరానికి తెరుచుకుని, తీరగానే మూసుకోవాలి. మా చెల్లెలి జబ్బులో అలాంటి తలుపు ఒకటి తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఇరుక్కుపోతుంది. మేము పోసే ఆ చిన్న అణువు వెళ్ళి దాన్ని మూసి పట్టుకుంటుంది. గిన్నెల్లో పెంచిన క్యాన్సర్ కణాల మీద ఆ మందు పోసి, చస్తాయా లేదా అని చూడటమే నా పని, కానీ ఓపిగ్గా చూడటం నా వల్ల అయ్యేది కాదు. మందు పోసిన దగ్గర్నుంచి కాలు నిలిచేది కాదు, టీ తాగడానికి వెళ్ళినవాణ్ణి సగం గ్లాసు వదిలేసి వచ్చి, కణాలుంచిన వెచ్చటి పెట్టె తలుపు తీసి చూసేవాణ్ణి. భీమవరం వైపు నుంచి వచ్చిన సీనియరు ఒకావిడ ఉండేది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

"ఏంటి తమ్ముడూ, పొయ్యి మీద అన్నం ఉడికిందో లేదో చూసినట్టు చూస్తావు? ఇన్నిసార్లు తలుపు తీస్తే అవి మందుకి చచ్చాయో, నీ దెబ్బకి చచ్చాయో ఎవరికి తెలుస్తుందయ్యా!" అని అందరి ముందూ దులిపేసేది.

అయినా ఆ రోజులే రోజులు. ఆ తలుపు తెరిచుందో మూసుందో గీతగా చూపించే ఫిల్మును చీకటి గదిలో కడుగుతుంటే, మందు పోయని కణాల దగ్గర నల్లగా తేలిన గీత, మందు పెరిగేకొద్దీ పలచబడి చివరికి మాయమైపోయేది, అంటే తలుపు మూతపడిందన్నమాట. అది మొదటిసారి చూసినప్పుడు తడి ఫిల్ము పట్టుకుని వరండాలో పరిగెత్తాను. మా గైడుగారు దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, బాగుందన్నారు, ఆ వెంటనే నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లారు. గిన్నెలో కణానికి పేగులు లేవు, కాలేయం లేదు, మనం ఎంత పోస్తే అంతా దానికే దక్కుతుంది, మనిషి అలా కాదు అన్నారు. పేగుల్లో ఈ మందును విరగ్గొట్టే ఎంజైము ఒకటుంటుందని, గ్రేప్‌ఫ్రూట్ రసం దాన్ని పని చేయనివ్వదని, అప్పుడు మందు రక్తంలో పేరుకుంటుందని ఆయనే చెప్పారు. నేను తలూపాను. గ్రేప్‌ఫ్రూట్ అంటే నా లెక్కలో విదేశాలవాళ్ళు పొద్దున్నే చెంచాతో తినే పండు, పరిశోధన పత్రాల్లో తప్ప దానితో నాకు పనిలేదు. మా వంటింటి కిటికీలోంచి చేయి చాస్తే అందే పంపర పనస దానికి దగ్గరి చుట్టమని, అదీ అదే పని చేయగలదని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

వంతెన మీద తట్టింది. కళ్ళ ఉబ్బు, పిక్కలు, వాంతులు అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నది మధ్యలో దిగేదెక్కడ? రాజమండ్రి ఒడ్డున దిగి, ఎదురొచ్చిన ఆటో ఎక్కి, మళ్ళీ అదే వంతెన మీద, వంద ఆలోచనలతో వెనక్కి వెళ్ళాను.

ఆమె తాపీగా బియ్యం ఏరుకుంటోంది. సంగతంతా చెప్పేసరికి నవ్వింది.

"మందు కనిపెట్టేవాళ్ళలో మా అన్నయ్య ఒకడని చర్చిలో అందరికీ చెప్పుకున్నాను కదా అన్నయ్యా! ఇప్పుడు ఏం చెప్పుకోను?"

"నీ కళ్ళ గురించి చెబుతుంటే విననైనా వినలేదమ్మా నేను."

"ఎప్పుడు విన్నావులే," అంది, కోపం లేకుండానే. ఆ కోపం లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆమె డాక్టరుగారికి నేనే ఫోన్ చేసి, పండు నేనే తెచ్చానని, చాలాసార్లు తెచ్చానని దాచకుండా చెప్పాను. పండు పూర్తిగా మానేయమని, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దని, రేపు రక్త పరీక్షకు తీసుకురమ్మని అన్నారు. హమ్మయ్య అనుకునేలోపే మా చెల్లెలి ముఖం మారిపోయింది. ఆసుపత్రిలో పరిచయమైన టీచరమ్మగారు పక్కవీధిలోనే ఉంటారట, ఆవిడదీ ఇదే మాత్రట, నేను వెళ్ళగానే, తెచ్చినవాటిలో మిగిలిన పండు ఆవిడకు పంపించిందట.

చెప్పులు సరిగ్గా తొడుక్కున్నానో లేదో కూడా గుర్తులేదు. టీచరమ్మగారి గేటు దగ్గర రొప్పుతూ, తిన్నారా అని అడిగాను. అన్నం తిన్నాక కోద్దామని ఉంచారట. పండు తెచ్చి నా చేతికిస్తూ ఆవిడ, "ఇచ్చిన పండు వెనక్కి పట్టుకెళ్ళేవాళ్ళని మిమ్మల్నే చూశానండి," అన్నారు. తప్పు నాదని, మా చెల్లెలిది కాదని చెప్పి, డాక్టరుగారిని అడక్కుండా ఎవరు ఏం తెచ్చినా తినొద్దని, ముఖ్యంగా నాలాంటివాళ్ళు తెస్తే తినొద్దని చెప్పి వచ్చాను.

ఆ రోజుల్లో ఆ పొడికి మనుషుల ముఖాలుండేవి కావు. కణాలు చస్తే గెలుపు, బతికితే ఓటమి, మధ్యలో ఎవరికీ కళ్ళు ఉబ్బేవి కావు. ఇప్పుడు అదే పొడి మాత్రై మా ఇంట్లో అన్నం కంచం పక్కన కూర్చుంది. దాని చిన్నప్పటి నుంచీ దాన్ని ఎరిగినవాణ్ణనే గర్వం నాకు మిగిలిందేగాని, అది మింగేవాళ్ళకు ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోవాలన్న బుద్ధి ఇన్నాళ్ళకు గాని కలగలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళలేదు. వసారాలో మా చెల్లెలి ఎదురుగా కూర్చుని, జబ్బు మొదలైన దగ్గర్నుంచి ఒంట్లో ఎలా ఉంటోందో చెప్పమ్మా అని అడిగాను. చీకటి పడేదాకా చెబుతూనే ఉంది. నేను మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.