బీముడికి ఓ ముద్ద

పలాసలో మేం కట్టుకుంటున్న ఇంటికి ఈరోజు బీము పోస్తున్నారు. తడి సిమెంటు వాసన తగలగానే చిన్నప్పుడు అక్కుపల్లిలో మా పాక ముందరి ఇసక గుర్తొచ్చింది.

ఆ ఇసకలో నాన్న, మావయ్య తెడ్డు మొనతో కొత్త ఇంటి గీతలు గీశారు. పిల్లర్లు వచ్చే చోటల్లా నాచేత కొబ్బరి చిప్పలు పెట్టించారు. చిప్ప పెట్టినప్పుడల్లా ఇల్లు లేచినట్టే గెంతాను.

"ఇసకలో గోడ కుంగిపోద్ది బావా," అన్నాడు మావయ్య. "పిల్లర్లు దింపి, మీద బీము ఏసేద్దాం. ఇల్లంతా బీమే మోత్తాది."

బీము అంటే నాకు తెలిసింది కథల్లో బీముడు ఒక్కడే, బండెడు అన్నం తినేవాడు. ఆయన మా ఇంటికి! పాకలోకి పరుగెత్తాను.

"అమ్మా, బియ్యం ఎక్కువెయ్యి! బీముడొత్తన్నాడంట!"

అమ్మ పడీపడీ నవ్వింది. నాన్న నవ్వలేదు.

బీము పోసిన రోజు పొద్దున్నుంచీ దారి చూశాను. ఇనప చువ్వలు, సిమెంటు తప్ప ఎవరూ రాలేదు. నేను ఏడుపు మొహం పెట్టేసరికి నాన్న అన్నం ముద్ద ఒకటి తెచ్చి పిల్లర్ మొదట్లో పెట్టాడు.

"వచ్చీసినాడే, లోపల పడుకున్నాడు. లేపకు. ఆడు లేత్తే ఇల్లు కదిలిపోద్ది."

ఆ ఇంట్లో చాలాకాలం మునివేళ్ల మీద నడిచాను. గాలివానకు తలుపులు కొట్టుకుంటే గచ్చు మీద చెయ్యేసి జోకొట్టేదాన్ని. బీము అంటే ఏమిటో తెలిశాక కూడా జోకొట్టడం మానలేదు.

ఇందాక కూలీలకు భోజనం పొట్లాలు తెప్పించాను. అందరికీ పంచాక మేస్త్రీ, "ఒకటి మిగిలిపోనాదమ్మా," అన్నాడు.

"మిగల్లేదు," అన్నాను. "అది ఇల్లు మోసేవాడిది."