సూదిని ఎత్తలేని అయస్కాంతాలు

1946లో నన్ను రాజాంలోని ఒక బాలికల మిడిల్ స్కూలుకు సైన్సు అసిస్టెంటుగా వేశారు. నాలుగో ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి, తెరవాలని మా హెడ్మిస్ట్రెస్ ఆ ఏడే దరఖాస్తు పెట్టారు. ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చి, సైన్సు పాఠం చూసి, తృప్తిపడితేనే అనుమతి. లేదంటే ఆ ఊళ్లో ఆడపిల్లల చదువు మూడో ఫారంతో సరి.

తనిఖీకి ముందురోజు క్లాసులోనే బీరువా తెరిచి దండాయస్కాంతాలు తీశాను. గుండుసూది దగ్గర పెడితే అది కదలనైనా లేదు! వాటిని దాచేటప్పుడు ఒకదాని ఉత్తర ధ్రువం పక్కన రెండోదాని దక్షిణ ధ్రువం ఉంచి, చివరల్లో మెత్తని ఇనుప ముక్కలు అడ్డంపెట్టాలి. ఎవరో ఎలాపడితే అలా పడేశారు. బలం కాస్తా పోయింది. వేరే పాఠం చెప్పమన్నారు హెడ్మిస్ట్రెస్.

అప్పుడు మూడో ఫారం సత్యవతి లేచింది. వాళ్ల నాన్న బస్సులు నడిపే షావుకారు.

"మా సెడ్డులో పాత మాగ్నెటో ఉన్నాది పంతులమ్మగోరూ. దాన్లో అయస్కాంతానికి మేకులన్నీ అంటుకుపోతాయి, సూడండి!"

మాగ్నెటో అంటే ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే యంత్రం. సాయంత్రం షావుకారు గారే దాన్ని విప్పించి, గుర్రపునాడా ఆకారపు అయస్కాంతాన్ని తెచ్చారు. "ఆడపిల్లలకి ఈ ఇనప సామానేటమ్మా?" అని నవ్వారు గాని, కదలకుండా నిలబడి చూశారు.

దండాలకు మళ్లీ బలం ఎక్కించడానికి పిల్లలు వంతులేసుకున్నారు. అయస్కాంతం ఒక ధ్రువాన్ని దండం ఈ చివర ఆనించి ఆ చివరిదాకా రుద్దాలి. అక్కడ పైకెత్తి, మళ్లీ మొదటినుంచే. ముందుకూ వెనక్కూ రుద్దితే చేసిందంతా పోతుంది. రుద్దగా రుద్దగా ఒక దండానికి సూదులు గుత్తిగా వేలాడాయి. దాన్ని దారంతో కడితే ఊగి ఊగి ఉత్తర దక్షిణాలుగా నిలిచింది. గది కేకలతో దద్దరిల్లింది.

మర్నాడు ఇన్‌స్పెక్ట్రెస్ పాఠమంతా విన్నారు. చివర్న ఒకే రంగు కాగితం చుట్టిన రెండు కడ్డీలు తీశారు. ఒకటి అయస్కాంతం, ఒకటి వట్టి ఇనుము. వేలాడుతున్న మా దండం దగ్గరికి ఒక్కోదాన్నీ తెస్తే రెండూ లాగాయి.

"ఏది అయస్కాంతం?"

సత్యవతి కడ్డీలు అందుకుని, చివరలు తిప్పి మళ్లీ చూపించింది. ఒకటి అప్పుడూ లాగింది. రెండోదానికి మా దండం గిర్రున తప్పుకుంది.

"ఇదేనండి! వట్టి ఇనుము లాగుతాది గాని, తొయ్యనేదు."

సజాతి ధ్రువాలే వికర్షించుకుంటాయి కాబట్టి వికర్షణే అసలు రుజువు. ఆ మాట నేనింకా వాళ్లకు చెప్పనేలేదు.

అనుమతి వచ్చింది. నాలుగో ఫారంలో ముందుగా చేరింది సత్యవతే. తయారైన వస్తువును చూపిస్తే పిల్లలు దాని పేరు గుర్తుంచుకుంటారు. అదే తమ చేతుల్తో చేస్తే, పాఠంలో లేని ప్రశ్నకు కూడా జవాబు వెతుక్కుంటారు.