మంజుల అక్క పట్టు

నిన్న పొద్దున బస్సులో ఉన్నాను, నంగలి ఊరు దాటినాము. మంజుల అక్క ఇంటాయన, మా బావ ఫోన్ చేసినాడు.

"లతా... మంజు పోయిందమ్మా. నిద్రలోనే."

ఏ మంజు బావా అని అడిగినాను. నిజంగా అట్లే అడిగినాను.

మంజుల అక్క మా పెద్దమ్మ కూతురు. ఆండర్సన్‌పేటలో పుట్టి, అక్కడి స్కూల్లోనే లెక్కల టీచర్ అయింది. ఇది చదివే మీలో శానామందికి ఆమె తెలుసు. తెలియనిది ఒకటి ఉండాది. ఇంట్లో చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకునింది. ఈరోజు చెప్పేస్తా ఉండాను.

ఆఫీసు పని మీద నేను వియన్నాలో ఉన్నప్పుడు, సమ్మర్ లీవులో నన్ను చూసేదానికి వచ్చింది. చర్చిలూ ప్యాలెస్‌లూ ఒద్దనింది. "డాన్యూబ్ నది పక్కన సైకిల్ తొక్కాల. ఒక్క దినం చాలు."

చిన్నప్పుడు పెదనాన్న సైకిల్‌కి కడ్డీ కింద కాలు దూర్చి తొక్కిన మనిషి. బాడుగ సైకిల్ ఎక్కి నా సైకిల్‌ని వెనకేసి పోయింది. పక్కన ద్రాక్ష తోటలు. అంతకు ముందంతా వానలు. నది బురద రంగులో, గట్టు దాకా నిండి పోతా ఉండాది.

మా ముందర ఒక ముసలాయన సైకిల్ మీద పోతా ఉన్నాడు. బురదలో చక్రం జారింది.

ఆయన నీళ్లలో పడినాడు.

ఒక చేత్తో చెట్టు వేరు పట్టుకోనుండాడు. నీళ్లు లాగేస్తా ఉండాయి.

నేను అరుస్తా ఉండాను. అక్క సైకిల్ పడేసి, గట్టు మీద బోర్లా పడుకోని ఆయన మణికట్టు పట్టుకునింది.

"లతా, నా కాళ్ల మీద కూర్చో!"

కూర్చున్నాను. అయినా అక్క కిందికి జారతా ఉండాది. నాకు తెలుస్తా ఉండాది.

అప్పుడే పెద్ద పడవ ఒకటి పోయింది. దాని వెనకే అల. ఆ అలలో ఇద్దరి తలలూ మునిగిపోయినాయి. అక్క భుజంలో ఏదో టక్కుమనింది, నాకు వినిపించింది.

నీళ్లు దిగినాయి. అక్క ఆయన చెయ్యి వదల్లేదు.

క్లాసులో అరిచే గొంతుతో ఆయన మీద అరిచింది, తెలుగులోనే. "ఒదలొద్దప్పా! నన్ను చూడు! నన్నే చూడు!"

ఆయనకి ఏం అర్థమైందో... అక్క మొగం మీద నుంచి చూపు తిప్పలేదు.

నా అరుపులు విని వెనకాల వచ్చే జంట ఒకటి సైకిళ్లు ఆపి మా దగ్గరికి పరిగెత్తుకోని వచ్చినారు. నలుగురం కలిసి పైకి లాగినాం.

ఆయన వణకతా అక్క చెయ్యి పట్టుకోని ఏడ్చినాడు. అక్క ఆయన చెంప తుడిచి, "ఇంటికి పోప్పా, మీ వాళ్లు చూస్తా ఉంటారు" అనింది.

అంబులెన్స్ వచ్చినాకనే తన భుజం గురించి చెప్పింది. ఎముక పక్కకి జారిపోయి ఉండాది.

పెద్దమ్మ భయపడతాదని, మెట్లు జారినానని చెప్పింది. అప్పట్నుంచి బోర్డు మీద పైన రాయాలంటే ఎడమ చేత్తో రాసేది. అదొక స్టైల్ అనుకున్నారు స్కూలు పిల్లోళ్లు.

నిన్న అక్క ఇంటి వాకిట్లో ఆ పిల్లోళ్లే నిలబడి ఉండారు. యూనిఫారంలో.

మీ మిస్ ఎట్లాంటిదో తెలుసా అని చెప్పబోయి, చెప్పలేక లోపలికి పోయినాను. అందుకే ఇక్కడ రాస్తా ఉండాను.

పోయిరా అక్కా. ఏ భయమూ లేని నెమ్మది నీకు దక్కాల.