బస్సు పోని పట్నం

మా నాయన మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పానికి ప్రైవేటు బస్సు నడిపేవాడు. "నా బస్సు పోని ఊరు ఒకటే ఉండాది, అది మీ ఇద్దరి నోట్లో ఉండాది" అని నన్నూ మా అన్ననూ ఎగతాళి చేసేవాడు. అది మేమిద్దరం కల్పించుకున్న పట్నం. గోడలు కుప్పం నల్లరాతివి, సందులు పుంగనూరువి, కోట మదనపల్లె కొండ మీద. దానికి ఒక్కడే రాజు. రాజు కావాలంటే ఉన్న రాజును చంపాలి.

ఆట ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక. చంపడానికి వచ్చినవాళ్లు ఎలా చంపుతారో చెప్పాలి. రాజు ఎలా తప్పించుకున్నాడో చెప్పాలి. చెప్పలేకపోతే చచ్చినట్టే. కొత్త రాజు మొదటి ఆజ్ఞ మాత్రం ఎప్పుడూ ఒక్క విషయం మీదే: పాత రాజు శవాన్ని ఏం చేయాలి. నేను అన్న తల నరికి కోట వాకిట్లో వేలాడదీశాను. అన్న నన్ను ముక్కలు చేసి కుప్పం బస్టాండు కుక్కలకు వేశాడు. మాటలతో ఆగేవాళ్లమా? వాడు నా జడ పట్టి ఈడ్చేవాడు, నేను వాడి చెవి కొరికేదాన్ని. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే అమ్మ, "ప్రభువు దినాన ఈ నరుకుళ్లేంది? సండే స్కూల్లో నేర్చుకునింది ఇదేనా?" అని చీపురు తిరగేసేది.

ఒక ఆదివారం నాయన ఆటలోకి దిగాడు. దిగీ దిగగానే అన్నను చంపేసి, తన ఎర్ర తువ్వాలు తలకు చుట్టుకుని రాజై కూర్చున్నాడు. ఇక ఆయన్ని దించడం మా వల్ల కాలేదు. "నిన్ను కాళ్లూ చేతులూ కట్టి, బెల్లం ఉడికే పెద్ద పెనంలో పడేసినా" అన్నాను నేను.

"కట్టెలు వానకు తడిసిండాయి కదమ్మా, పాకం గోరువెచ్చగా ఉండాది. ఒళ్లంతా తీపి జేసుకొని లేసొచ్చినా. నీ సైనికుల గొంతుల్లో అదే పాకం పోసి సంపేసినా" అన్నాడు మీసం తుడుచుకుంటూ.

ఎన్ని వారాలు ఏడ్చానో. ఆయన్ని ఎలాగైనా నేనే చంపాలి, అన్న కంటే ముందే చంపాలి. స్కూల్లో లెక్కలు చేస్తూ కూడా అదే ఆలోచన. అన్నకూ అంతే. మంచంలో పక్కపక్కన పడుకుని ఒకరి పథకం ఇంకొకరికి తెలియకుండా దుప్పటి కప్పుకుని ఆలోచించేవాళ్లం.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి, నోరు వంకర తిరిగింది, మాట పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక వచ్చినవాళ్లంతా మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేసి, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడి పోయేవాళ్లు. వాళ్లను తన్ని తరమాలనిపించేది నాకు.

ఆదివారం వచ్చింది. మేము ఆట ఊసే ఎత్తలేదు. నాయన ఎడమచేత్తో మంచం పట్టె మీద గుద్దడం మొదలుపెట్టాడు. అమ్మ నీళ్లు తెస్తే లోటా విసిరికొట్టాడు. చివరికి పక్కనున్న ఎర్ర తువ్వాలు లాక్కుని తల మీద వేసుకున్నాడు. అప్పుడు అర్థమైంది.

"నేను ఆడను. జవాబు సెప్పలేడు. సచ్చిపోతాడు" అన్నాడు అన్న, గోడ వైపు తిరిగి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ. మంచం దగ్గరికి పోయి, "నీ పాలల్లో విషం కలిపినా నాయనా. పేగులు తెగి రక్తం కక్కుకుంటావు" అన్నాను.

నాయన పెదవులు కదిపాడు. చెమటలు పట్టాయి, మెడనరాలు ఉబ్బాయి. అమ్మ నన్ను లాగేయబోయింది. అంతలో "పి... పిల్లి" అన్నాడు.

పాలు పిల్లి తాగేసింది! పిల్లి చచ్చింది, రాజు బతికాడు. నేనూ అన్నా ఇల్లు అదిరేలా అరిచాం. ఆ తర్వాత రోజూ ఆయన్ని పొడిచాం, కాల్చాం, కొండమీద నుంచి తోశాం. రోజుకో మాట తెచ్చుకుని తప్పించుకున్నాడు. చీపురు తిరగేసే అమ్మే వాకిట్లో నిలబడి, "ఇంగొకటి అడగండి, పెద్ద మాట రావల్ల" అనేది.

వానలు మొదలయ్యాక మళ్లీ పడ్డాడు. ఈసారి మాట పోలేదు, మనిషే పోతున్నాడు. గంజి కూడా దిగేది కాదు. ఆ ఆదివారం చంపే వంతు మా అన్నది. "నువ్వు నిద్రపోతాంటే కత్తి ఎత్తుకొని వచ్చినా" అన్నాడు, అంతే. అంత తేలికైన ఎత్తు మేము ఎప్పుడూ వేయలేదు. రాజు దిండు కింద బాకు ఉంటుందని మా పట్నంలో కుక్కలకు కూడా తెలుసు. నాయన దిండు వైపు చెయ్యి కూడా చాపలేదు.

"నాయనా, బాకు! దిండు కింద బాకు ఉండాది కదా!" అని అరిచాను.

"తెలుసు లేమ్మా. ఎంతకాలమని తప్పించుకునేది? అలుపొచ్చింది." తువ్వాలు తీసి అన్న వైపు చాపాడు.

నేను చేతికందిన చెంబుతో అన్న ముఖం మీద కొట్టాను. కనుబొమ చీలి రక్తం కారింది. వాడు చెయ్యెత్తలేదు. నాయన ఇచ్చిన తువ్వాలే అదిమిపెట్టుకుని నిలబడ్డాడు.

"కొత్త రాజును కొడతావా, తలకాయ పోతాది" అని నాయన నవ్వాడు. తర్వాత వాడి వైపు తిరిగి, "మరి నన్నేం జేస్తావప్పా? కుక్కలకేస్తావా, వాకిట్లో కడతావా?" అని అడిగాడు.

అన్న తువ్వాలు ఇంకా గట్టిగా అదిమిపెట్టుకున్నాడు. "పాత రాజు ఈడనే ఉంటాడు. ఈ మంచం మీదనే. ఎవురూ ఎత్తకూడదు, ఎవురూ తీసకపోకూడదు. ఇది నా ఆజ్ఞ."

"సరే దొరా" అన్నాడు నాయన.

వానలు తగ్గకముందే చర్చి పెద్దలు నలుగురు నాయన ఉన్న పెట్టె ఎత్తడానికి మా ఇంట్లో వంగారు. అన్న వాళ్ల మీద పడ్డాడు. దొరికినవాణ్ణి దొరికినట్టు గుద్దాడు, చొక్కాలు చించాడు. వాణ్ణి పట్టుకోమని అందరూ నన్ను కేకలేశారు. నేను పట్టుకోలేదు. వాడి పక్కన నిలబడి నేనూ కొట్టాను.