నీళ్లన్నీ అవతలివాళ్లవే

ఈ ఏడు వినాయకచవితికి ఇక్కడ జర్మనీలో, మా ఎర్లాంగెన్ ఊరి తెలుగు పిల్లలు పెద్ద హడావుడే చేశారు. పై వాటాలో ఉండే కరీంనగర్ అమ్మాయి మెట్ల మీద ఎదురుపడి, "ఆంటీ, నిమజ్జనానికి టెర్మిన్, అదే డేటు, దొరికింది, పర్మిషన్ గూడ ఇచ్చిన్రు, మీరు తప్పకుండ రావాలె" అంది. వస్తానన్నాను గానీ, పర్మిషన్ అన్న మాట చెవిన పడగానే యాభై ఏళ్ల కిందటి ఒక వాగు గుర్తొచ్చి, కూరగాయల సంచీతో అలాగే మెట్టు మీద కూర్చుండిపోయాను.

మా వయసు వాళ్లకి చెప్పనక్కర్లేదు, అప్పుడీ దేశం రెండు ముక్కలు. మేమున్న పడమటి ముక్క పుట్టి పాతికేళ్లు కూడా నిండలేదు. సరిహద్దు పల్లెలు ఖాళీ అయిపోతున్నాయని, యుద్ధం తర్వాత తూర్పు నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లకి అక్కడ స్థలాలిచ్చి, అన్నీ ఒకే రకం ఇళ్లు వరసగా కట్టించారు. అలాంటి చోటికి రావడానికి ఇక్కడి డాక్టర్లు ఇష్టపడకపోబట్టే మావారికి అక్కడి చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది.

పక్కింటి పెద్దావిడ భర్త పోయిన మనిషి. నాకు బొగ్గుపొయ్యి రాజేయడం నేర్పింది ఆవిడే. ఆవిడ చెల్లెలు వాగు అవతలి ఊళ్లో ఉండేది. ఆ ఊరి చర్చి గంట మా వంటింట్లోకి వినపడేది, అక్కాచెల్లెళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసి పన్నెండేళ్లు. ఆ మధ్యే రాకపోకలకి కాస్త వీలు కల్పించారని దరఖాస్తు పెట్టుకుని, రోజూ టపా వేళకి గేటు పట్టుకుని నిలబడేది.

ఆ యేడు నేను వాగు ఒడ్డున మట్టి తెచ్చి వినాయకుణ్ణి చేశాను, పత్రికి దొరికిన ఆకులేవో కోశాను. మూడో రోజు మధ్యాహ్నం, మావారు డ్యూటీలో ఉండగా, నిమజ్జనానికి ఒక్కదాన్నే బయల్దేరాను. ముళ్లకంచె వాగుకి చాలా అవతల ఉంది కదా, కంచే సరిహద్దు, వాగు మనదే అనుకున్నాను. నిజానికి మా ఒడ్డుతోనే మా దేశం సరి, నీళ్లన్నీ అవతలివాళ్లవే. గట్టు మీంచి విసిరేస్తే అయిపోయేది, కానీ మూడుసార్లు ముంచందే పూజ పూర్తి కాదని మోకాలి లోతుకి దిగాను. రెండోసారి ముంచుతుండగా అవతలి గట్టున ఈల మోగింది. ఇద్దరు సైనికులు, ఒకడి చేతిలో కెమెరా. నేను కొయ్యబారిపోయాను. పక్కింటావిడ ఎప్పుడు చూసిందో, ఏప్రాన్‌తోనే నీళ్లలోకి దిగి నా రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. ఆ ఫొటోలో ఇద్దరం పడ్డాం.

మర్నాడు మా వైపు సరిహద్దు పోలీసులు ఇంటికొచ్చారు. మావారి నివాస అనుమతి మరుసటి నెల పొడిగించాలి. అది పోతే పెట్టెలు సర్దుకోవడమే. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడావిడ వచ్చి, ఈ పిల్ల కొత్తది, హద్దు ఎక్కడో చెప్పాల్సింది నేను, చెప్పలేదు, తప్పు నాదేనని రాయించి సంతకం పెట్టింది. అబద్ధం. మేం దిగిన వారంలోనే చేతులు ఊపుతూ చెప్పింది, అప్పటికి భాష రాక, జారుతుందంటోంది కాబోలని నేనే తలాడించాను.

మా అనుమతి పొడిగించారు. రెండు నెలలకి ఆవిడ దరఖాస్తు తిరస్కరించినట్టు అవతలి వైపు నుంచి కాగితం వచ్చింది, కారణం లేదు. ఫొటో వల్లేనని ఎవరూ అనలేదు, ఆవిడ అసలే అనలేదు. నేను మాత్రం ఆవిడ కళ్లలోకి సూటిగా చూడలేకపోయాను. మరుసటేడు మళ్లీ పెట్టుకుంటే అనుమతి వచ్చింది గానీ, అప్పటికి చెల్లెలు పోయి నెలయింది. వెళ్లి సమాధి చూసి, చెల్లెలి పెరట్లోవని నాలుగు ఆపిల్ పళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడక్కడ కంచె లేదు, వాగు మీద చెక్క వంతెన వేశారు. పోయిన వేసవిలో మా మనవలు సైకిళ్ల మీద దాన్ని అటూ ఇటూ నాలుగుసార్లు దాటి, అసలు సరిహద్దు ఎక్కడుండేదని జర్మన్‌లో అడిగారు. మా ఒడ్డు చూపించాను. తలలూపి వెళ్లిపోయారు. మేమీ దేశంలో నిలదొక్కుకున్నందుకు ఎవరు ఏం పోగొట్టుకున్నారో మాత్రం వాళ్లకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.