ట్రేసర్ రాజకుమారి గీసిన కాళ్లు

రాజకుమారి గోదావరిఖనిలోని ఒక గని సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా చేరినప్పుడు ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు. తండ్రి ఆరోగ్యం చెడి, గని డ్యూటీకి ఇక పనికిరాడని డాక్టర్లు రాసిచ్చాక ఆయనకు బదులుగా ఆ ఇంటికి వచ్చిన ఉద్యోగం అది. సర్వేయర్లు భూమి లోపలి సొరంగాలను కొలుచుకొచ్చి పటం వేస్తే, దాన్ని పల్చటి ట్రేసింగ్ బట్ట మీద నల్ల ఇంకుతో ఎక్కించడం ఆమె పని. ఇరవై రెండేళ్లు అదే చేసింది. గనిలోకి ఒక్కసారీ దిగలేదు.

చేరిన కొత్తలో ఒక సొరంగం గీత కాస్త వంకరగా కనిపిస్తే, చూడ్డానికి బాగుంటుందని స్కేలు పెట్టి తిన్నగా లాగింది. సర్వేయర్ సాబిర్ సాబ్ చూశాడు. కోప్పడలేదు. బ్లేడు తీసి చేతికిచ్చాడు.

“గోకెయ్ అమ్మా. లోపల వంకరుంటే ఈడ గూడ వంకరనే ఉండాలె. రేపు పక్కపొంటి తవ్వెటోళ్లకు మన గీతనే దిక్కు.”

తర్వాత ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. సాబిర్ సాబ్ రిటైరై వెళ్లిపోయాడు. రాజకుమారిని ఉత్తరాలు పంపే సెక్షన్‌కు మార్చారు. ఆమె తన నాలుగు ఇంకు పెన్నులను ఇంటికి తెచ్చుకుని, ఇంకు గడ్డకట్టకుండా నెలకోసారి కడిగి ఆరబెట్టేది. వాటితో ఏం పనని భర్త బిక్షం అడిగితే, తుడిచి మళ్లీ డబ్బాలో పెట్టేది.

ఆమె అక్క కూతురు హర్షిణి కొచ్చిలో సముద్రజీవుల మీద పరిశోధన చేస్తోంది. పోయిన వేసవిలో ఆ అమ్మాయి ఒక బరువైన పెట్టెతో చిన్నమ్మ క్వార్టర్‌లో దిగింది. పెట్టెలో మైక్రోస్కోపు, గాజు పలకలు ఉన్నాయి. మైక్రోస్కోపుకు పక్కగా ఒక అద్దాల గొట్టం ఉంది. అందులోంచి చూస్తే పలక మీది జీవి, కాగితం మీద కదిలే మన పెన్సిల్ మొన, రెండూ ఒకేచోట కనబడతాయి.

రాజకుమారి కన్ను ఆనించి చూసింది. “ఏంది బిడ్డా గిది? పేనా?”

“కాదు చిన్నమ్మా. రొయ్యకు దూరపు చుట్టం. టనైడ్ అంటరు. అరేబియా సముద్రంల మూడు కిలోమీటర్ల లోతుల, అడుగు బురదల దొరికింది. గిప్పటిదాంక దీనికి ఎవరూ పేరు వెట్టలే.”

“మూడు కిలోమీటర్లా! మన గనులు గూడ గంత లోతు లేవు గద.”

కొత్త జీవిని లోకానికి చెప్పాలంటే ఫొటోలు ఒక్కటే చాలవట. ప్రతి కాలు, ప్రతి దవడ, వాటి మీది ప్రతి ముల్లు గీతల్లో చూపించాలి. ఎక్కడో ఇంకో దేశంలో ఇలాంటిదే దొరికినవాళ్లు ఆ బొమ్మతోనే పోల్చుకుంటారు. హర్షిణి గీసిన బొమ్మలను ఆమె గైడ్ రెండుసార్లు తిప్పి పంపాడు.

“నా గీతలు వణుకుతున్నయ్ చిన్నమ్మా. నువ్వు గీస్తవా?”

రాజకుమారి లేచి వెళ్లి పెన్నుల డబ్బా తెచ్చుకుంది.

మొత్తం ఏడు జీవులు. ఐదింటికి పీతకున్నట్టు చిన్న కొండీలు, నోటి భాగాలన్నీ ఉన్నాయి. రెండింటికి మాత్రం తలకంటే పెద్ద కొండీలు, నోరు దాదాపు లేదు. ఇవి రెండు వేర్వేరు జాతులని, రెండూ కొత్తవేనని హర్షిణి నమ్మకం. గైడ్ కూడా ఒక సభలో అలాగే చెప్పేశాడు.

రాజకుమారి పదిహేను రోజులు సెలవు పెట్టింది. మధ్యాహ్నం దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లకు ముందు మోగే సైరన్ వినగానే పెన్ను పైకెత్తి, కిటికీ అద్దాలు గలగలమని ఆగేదాకా చేతులు కట్టుకుని కూర్చునేది. డ్యూటీ నుంచి వచ్చిన బిక్షం తలుపు దగ్గరే నిలబడి, “గింత పురుగుకు గంత ఫికరా?” అని నవ్వేవాడు. నవ్వుతూనే ఆమెకు చాయ్ పెట్టి ఇచ్చేవాడు.

పదకొండో రోజున, పెద్ద కొండీల దాని వెనక కాళ్లు గీస్తుంటే ఆమె చెయ్యి ఆగింది. ఈ గీతలు తాను ఇంతకుముందే గీసినట్టు అనిపించింది. సర్వే ఆఫీసులో పై పొర బొగ్గు పటాన్ని కింది పొర పటం మీద పెట్టి, ఏ సొరంగం కింద ఏది ఉందో చూసేవారు. ఆమె అలాగే చిన్న కొండీల దానిదీ, దీనిదీ రెండు ట్రేసింగులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు ఆనించింది. చివరి మూడు జతల కాళ్లూ కలిసిపోయాయి. ఆఖరి కాలి మీద వెనక్కి తిరిగిన వంకర ముల్లు కూడా ముల్లు మీదే పడింది.

“హర్షిణీ, ఇటు రా. ఇవి రెండు కాదేమో బిడ్డా. ఒక్కటే.”

హర్షిణి చూసింది. ముఖం వాడిపోయింది. “కొండీలు చూడు చిన్నమ్మా, ఎంత తేడా ఉన్నయో! నోరే లేదు దానికి.”

“మొకం వేరేనే. కాళ్లు చూడు. గిది మగది, గది ఆడది గావచ్చు గద?”

“సార్ అందరి ముందర రెండని చెప్పిండు. ఇప్పుడు నేను పోయి ఒక్కటే అనాల్నా?”

“నాకు సదువు తెల్వది. నాకు కనవడ్డది చెప్పిన.”

మర్నాడే, మిగిలిన గీతలు పూర్తవగానే, హర్షిణి ట్రేసింగులతో సహా పెట్టె సర్దుకుని రైలెక్కింది. మూడు వారాలు ఫోన్ లేదు. రాజకుమారి ఆఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొడుతూ, ఎందుకు నోరు తెరిచానా అని తనను తానే తిట్టుకుంది. పిల్ల ఎన్ని నెలలు కష్టపడిందో! కానీ ట్రేసింగుల్లో ఆ ముల్లు ఆమెకు కళ్లు మూసుకున్నా కనబడేది. అది లేదనుకోవడం ఆమెవల్ల కాలేదు.

నాలుగో వారం ఫోన్ మోగింది.

“చిన్నమ్మా, ఒక్కోదాని నుంచి ఒక కాలు తీసి డీఎన్ఏ పరీక్షకు పంపిన. నువ్వు చెప్పిందే నిజం. ఒక్కటే జాతి. ఆ రోజు నీ మీద కోపం గాదు. భయమైంది.”

“మీ సార్ ఏమన్నడు?”

“మొదలు ఒప్పుకోలే. తర్వాత ట్రేసింగులు రెండు కిటికీకి పెట్టి ఆయన గూడ చూసిండు. మగది, ఆడది రెండు దొరికి, ఒక్కటేనని తేలుడు చాలా అరుదంట. వేరే జాతి అనుకొని పేరు పెట్టిన మగవి ఎన్నో ఉన్నయంట.”

పేరు పెట్టేటప్పుడు హర్షిణి చిన్నమ్మ పేరు పెడతానంది. రాజకుమారి ఒప్పుకోలేదు. “నా పేరుతోని దాన్ని ఎవలు గుర్తువడ్తరు? ఆ వంకర ముల్లు పేరు పెట్టు. రేపు చూసెటోళ్లకు అక్కరకొస్తది.” హర్షిణి లాటిన్‌లో వంకర ముల్లు అనే అర్థం వచ్చేలా పేరు పెట్టింది.

ఈ ఫిబ్రవరిలో ఆ వ్యాసం అచ్చయింది. హర్షిణి ఒక ప్రతిని పోస్టులో పంపింది. ఇంగ్లిషు వాక్యాలు రాజకుమారికి సగమే అర్థమయ్యాయి. ఆమె వాటిని వదిలేసి బొమ్మల పేజీలు తెరిచింది. అచ్చులో చిన్నగా చేసేసరికి రెండుచోట్ల గీత లావుగా వచ్చిందని కాస్త నొచ్చుకుంది. తర్వాత వేలు పెట్టి ఒక్కో కాలిమీదా ముళ్లు లెక్కపెట్టింది. ఆ పని అయ్యేసరికి ఆఫీసు టైము దాటిపోయింది.

హర్షిణికి ఫోన్ చేసి, “అన్నీ ఉన్నయ్ బిడ్డా,” అని చెప్పి, చెప్పులేసుకుని బయల్దేరింది.