కోపాన్ని గోడకు అతికిచ్చిన శిక్షణ

కొత్తగ కొలువుల చేరిన రోజుల్ల మనిషికి అన్నీ జర ఎక్కువనే ఉంటయి. ఆశ ఎక్కువ, ఆకలి ఎక్కువ, లోకాన్ని రేపటికల్ల బాగుచెయ్యాలన్న తొందర ఎక్కువ. నాకైతే అన్నిటికంటె కోపం ఎక్కువుండె. గొల్లపల్లి దిక్కు ఒక ఊరి బడిల టీచరుగ చేరి ఏడాది గూడ కాలే. ఇద్దరం ఉండాల్సిన బడిల ఒక్కదాన్నే ఉన్న. (రెండో సారును డిప్యుటేషన్ అని చెప్పి ఆఫీసుకు తీస్కపోయిన్రు. ఏ బడిల టీచర్లు తక్కువున్నరో ఆయన అక్కడ కంప్యూటర్ల ఎక్కిస్తుండె.) ఐదు తరగతులకు నాది ఒక్కటే నోరు. అసుంటప్పుడు ఫోన్ల మెసేజ్ ఒచ్చింది. కోరుట్లల ఐదొద్దుల శిక్షణ, పేరు 'సామాజిక, భావోద్వేగ అభ్యసనం', రాకపోతె మెమో. పిల్లల మనసు ఎట్ల అర్థం చేస్కోవాల్నో నేర్పిస్తరట. దానికోసం ఆ ఐదొద్దులు నా పిల్లలను అంగన్‌వాడీ టీచరుకు అప్పజెప్పి పోవాలె.

అబద్ధమెందుకు, ఆ మెసేజ్ చూసి నేను సంబురపడ్డ. నాలుగో తరగతిల ఒక పిల్ల ఉండె. ఎప్పుడు చూసినా కిటికి పక్కకే కూసుంటదని కిటికిపిల్ల అనెటోళ్లం. వాళ్ల బాపు మస్కట్‌ల పనిచేస్తుండె. ప్రతి శుక్రారం ఫోన్ల మొకం చూపిచ్చెటోడు. ఉన్నట్టుండి ఆ ఫోన్లు బందైనయి. ఎందుకు బందైనయో ఇంట్ల ఎవలకూ ఎరుకలేదు. నాయినమ్మ మాత్రం "మీ బాపుకు డ్యూటీ ఎక్కువైంది బిడ్డా" అని రోజూ అదే మాట చెప్తుండె. పిల్ల ఎన్నొద్దులని నమ్ముతది? బడిల ఎవలన్న 'మా నాయిన' అంటె చాలు, మీదవడి కొట్టుడు షురూ చేసింది. ఒక పోరినైతే చేతి మీద కొరికింది. ఆ పోరి తల్లి గేటుకాడికొచ్చి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాసెటియి గావు. బడి ఇడిశినంక పిల్లను కూసోవెట్టి "ఎందుకు కొరికినవే" అని అడిగిన. కండ్లల్ల చుక్క నీళ్లు లేకుండ, రేపు బడి ఉందా అని అడిగినట్టు అడిగింది: "టీచర్, మా బాపు సచ్చిపోయిండా?"

నేను సదివిన సదువుల ఆ ప్రశ్నకు జవాబు లేకుండె. గందుకే అందరికంటె ముందుగాల కోరుట్ల బస్సెక్కిన.

శిక్షణ ఒక ఫంక్షన్ హాల్ల. ముందటి రోజే అక్కడ పెండ్లయినట్టుంది, స్టేజి మీద ఎర్ర మఖ్‌మల్ సోఫా అట్లనే ఉంది, ఎనుక థర్మకోల్ అక్షరాలల్ల పెండ్లిపిల్ల పేరు సగం రాలిపోయి యాలాడుతుంది. ఆ సోఫాల మా శిక్షకుడు కూసున్నడు. హైదరాబాద్‌కెల్లి ఒచ్చిండట. పొద్దుగాల మొకానికి ఒక చిర్నవ్వు పెట్టుకుంటె దాన్ని పొద్దూకె దాక తియ్యకపోయేది. అందుకని మేము చిర్నవ్వు సార్ అని పేరు వెట్టినం. మాట మాత్రం అచ్చం పాఠ్యపుస్తకం. "మన భావోద్వేగాన్ని గుర్తిద్దాం, దానికి పేరు పెడదాం, నెమ్మదిగా వదిలేద్దాం" అంటుండె. మేము ఊపిరి గుంజి ఇడుస్తుంటిమి.

మొదలు మా మనసు ఇప్పుడు ఏ వాతావరణంల ఉందో బొమ్మ గియ్యుమన్నడు. నేను మొగులు గీసిన. నా పక్కకు పెద్దక్క కూసున్నది. (జగిత్యాల కాడ ఒక బడికి హెడ్మాస్టరమ్మ, రిటైర్‌మెంటుకు దగ్గరవడ్డది. ఏ మీటింగుకు పోయినా ఒళ్లె చిక్కుడుకాయలు వెట్టుకొని ఈనెలు తీస్తది.) ఆమె పేజీ నిండ ఎండ గీసింది. "ఏందక్కా, అంత సంతోషంగున్నవా?" అని అడిగిన. "సంతోషమెక్కడిదే, కరెంటు పోయింది గద, ఉడుకవోస్తుంది" అన్నది. తర్వాత చప్పట్లు నేర్పిండు. వాన చప్పట్లు, ఏనుగు చప్పట్లు, దోసె చప్పట్లు. దోసె పోసినట్టు చెయ్యి తిప్పి, తిరగేసి, కొట్టాలె. మనుమలు, మనుమరాండ్లు ఉన్నోళ్లు లేశి నిలవడి దోసెలు పోస్తుంటె నాకు కడుపుల మంట మొదలైంది.

మధ్యాన్నం చెయ్యెత్తి కిటికిపిల్ల సంగతంత చెప్పిన. "సార్, గా పిల్లకు నేనేం చెప్పాలె?" అని అడిగిన. ఆయన చిర్నవ్వును ఇంకింత పెద్దగ చేసి, "చాలా మంచి ప్రశ్న మేడమ్. దీన్ని పార్క్ చేద్దాం" అన్నడు. గోడకు ఒక చార్టు ఉంది, దాని మీద 'ప్రశ్నల పార్కింగ్' అని రంగులతోని రాసి పెట్టిన్రు. మనసుల ఒచ్చిన ప్రశ్నను పసుప్పచ్చ చీటి మీద రాసి అక్కడ అతికియ్యాలెనట, ఆఖరి రోజు అన్నిటికి జవాబులు చెప్తరట. రాసి అతికిచ్చిన. తెల్లారి మల్ల అడిగిన. "పార్కింగ్‌లో భద్రంగా ఉంది మేడమ్" అన్నడు. పెద్దక్క తలెత్తకుండనే, "చూస్కో, నీ బండి ఎవలన్న ఎత్కపోతరు" అన్నది.

నడిమి రోజు కోపం మీదనే సెషన్. అందరికి తలా ఒక రబ్బరు బుగ్గ ఇచ్చి, లోపటున్న కోపమంత దాంట్లకు ఊది, గాలిల ఇడిశిపెట్టుమన్నడు. హాలంత బుగ్గలు ఎగిరినయి. నాది నోట్లనే పలిగింది. "చూశారా, మేడమ్ కోపాన్ని చాలా గట్టిగా పట్టుకున్నారు" అని ఆయనంటె అందరు నాకు ఏనుగు చప్పట్లు కొట్టిన్రు. ఆ రాత్రి ఇంట్ల మా అమ్మ అన్నం పెట్టుకుంట, "ఏం నేర్పిన్రు బిడ్డా?" అని అడిగింది. "శాంతంగ ఉండుడు" అని చెప్పి కంచం నూకేసిన.

ఆఖరి రోజు ఒచ్చింది. జవాబులు చెప్పే టైముకు జగిత్యాల నుంచి పెద్దసారు (జిల్లా విద్యాధికారి) ఒస్తున్నడని కబురొచ్చింది. ఇగ అంత ఆగమాగం. పూలబొకేలు ఒచ్చినయి, కుర్చీలు సదిరిన్రు, గోడలకున్న చార్టులన్ని పీకి చుట్టచుట్టి స్టేజి కింద నూకిన్రు. నా ప్రశ్న గూడ గా చుట్టల్నే పోయింది. పెద్దసారు మఖ్‌మల్ సోఫాల కూసున్నంక, ఒక్కొక్కరు మైకుల తమ భావాన్ని ఒక్క మాటల చెప్పాలె, వీడియో తీస్తరన్నరు. "ఆనందం" అన్నది ఒకామె. "కృతజ్ఞత" అన్నడు ఒకాయన. మైకు నా దగ్గరికొచ్చింది.

"కోపం" అన్న.

"వేరే పదం చెప్పండి మేడమ్, ఈ వీడియో పైకి వెళ్తుంది" అన్నడు చిర్నవ్వు సార్.

నేను మైకు ఇడువలే. "పైకే పోనియ్యుండ్రి సార్. ఐదొద్దులసంది ఊపిరి గుంజి ఇడుస్తున్న. గీ ఊపిరి మా ఊళ్లె గూడ దొరుకుతది. నాలుగో తరగతి పిల్ల వాళ్ల బాపు బతికున్నడా అని అడిగింది. నేను మొగులు గీసిన, బుగ్గ ఊదిన, దోసెలు పోసిన. సోమారం నాడు దాని ముందట ఏం చెయ్యాలె? దోసె చప్పట్లు కొట్టాల్నా? తెల్వకపోతె తెల్వదని చెప్పుండ్రి. గోడకెందుకు అతికిస్తరు?"

పెద్దసారు అద్దాలు తీసి, "ఏ బడమ్మా నీది?" అని అడిగిండు. గా అడుగుడు మెమో ఇచ్చెటందుకేనని అందరికి తెలుసు. అప్పుడు పెద్దక్క ఒళ్లెనున్న చిక్కుడుకాయలు పక్కకు వెట్టి లేశి నిలవడ్డది. "నాది జగిత్యాల కాడ సార్. నాక్గూడ గదే ప్రశ్న ఉంది. మా బడిల అసుంటి పిల్లలు మస్తున్నరు." ఎనుక వరుసల ఇంకొకామె లేశింది. తర్వాత ఒక సారు లేశిండు.

చిర్నవ్వు సార్ మొకం మీదికెల్లి నవ్వు దిగింది. నా చేతులకెల్లి మైకు తీస్కొని బందు చేసిండు. "నాకు తెల్వదు మేడమ్" అన్నడు. తెలియదు అనలే, తెల్వదు అన్నడు. "మాది గీ పక్కన మెట్‌పల్లే. నేను మూడో తరగతిల ఉన్నప్పుడు మా బాపు దుబాయికెల్లి ఫోన్ చేసుడు బందైంది. సార్లందరు ఒస్తడుర, ఒస్తడుర అనెటోళ్లు. గా మాట ఇంటె ఒళ్లు మండేది. ఒక్క సారు మాత్రం నా పక్కకు కూసొని, 'నాక్గూడ తెల్వదుర' అని, నాతోని పల్లికాయలు తిన్నడు. ఇంకేం చెప్పలే. నాకు ఆయన ఒక్కడే యాదికున్నడు."

"మీ బాపు ఒచ్చిండా కొడుకా?" అని పెద్దక్క అడిగింది. ఆయన తల అడ్డంగ ఊపిండు.

అందరి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు మాత్రం (ఏం మనిషినో ఏమొ) ఇంకింత కోపమొచ్చింది. "గిదే మాట మొదటి రోజు చెప్తె ఏమైతుండె సార్?" అన్న.

"నాకిచ్చిన స్లైడ్లల్ల లేదు మేడమ్" అన్నడు పాపం, ఉన్నది ఉన్నట్టు.

పెద్దసారు దగ్గి, చాయ్ సల్లారుతుందన్నడు. మెమో మాత్రం ఎటువోలే, వారం దిరక్కముందే ఒచ్చింది.

సోమారం బడి ఇడిశినంక కిటికిపిల్ల పక్కకు పోయి కూసున్న. "మీ బాపు సంగతి నాక్గూడ తెల్వదే. ఇద్దరం తెలుసుకుందాం" అన్న. పిల్ల కిటికిలకెల్లి బయటికి చూసింది. "మరి నాయినమ్మ అబద్ధం చెప్తుందా?" అన్నది. "భయపడుతుంది" అన్న. కొట్టుడు ఎంబడే బంద్ గాలే గని తక్కువైంది. నేను ఊరూరు అడిగిన. మస్కట్ పోయొచ్చినోళ్ల ఇండ్లకు పోయిన, వాళ్ల చుట్టాలకు ఫోన్లు చేపిచ్చిన. ఆఖరికి తెలిసింది: కంపెనీ మూసేసిన్రు, మనిషి కాయితాలు లేక దాక్కొని పనిచేస్తున్నడు, మొకం చెల్లక ఇంటికి చెప్పలే. అక్కడున్న మనోళ్లు ఎంబసీల కాయితాలు చేపిచ్చిన్రు, వానలు మొదలైనంక చిక్కి సగమైన మనిషి ఒకడు ఊళ్లె బస్సు దిగిండు.

కథ అక్కడ మంచిగ అయిపోతదనుకున్న. పిల్ల వాళ్ల బాపు మొకం చూడలే. ఆయన బడికొచ్చి, "టీచరమ్మా, నా బిడ్డ నాతోని మాట్లాడ్తలేదు" అని తల కిందికేసిండు. "దానికి కోపముంది అన్నా. ఉండనియ్యుండ్రి. మీరు మాత్రం ఎటువోకుండ్రి" అన్న. రోజూ ఒచ్చి బడి అరుగు మీద కూసునెటోడు. ఒకనాడు పిల్ల క్లాసులకెల్లి లేశిపోయి, ఆయన వీపు మీద రెండు పిడికిళ్లతోని దబదబ గుద్దింది. ఆయన కదల్లే. గుద్ది గుద్ది అలిసిపోయి ఆయన ఒళ్లెనే పండుకున్నది. నేను పాఠం ఆపలేదు.

ఇప్పుడు నన్ను గూడ శిక్షణలు చెప్పనీకి పిలుస్తున్నరు. మొన్న సిరిసిల్లల చెప్పిన. ఎవలన్న చెయ్యెత్తితె ఆడికాడికే ఆగుత. తెలిస్తె చెప్త, తెల్వకపోతె తెల్వదంట. దాంతోని టైంటేబుల్ కరాబైతది, పైవాళ్లు నారాజైతరు. నాకు మాత్రం ఇప్పుడు అంత కోపం ఒస్తలేదు. అన్నం లేటైనా, పెద్దసార్లు లేటైనా నవ్వుకుంట నిలవడుడు అలవాటైంది. ఎన్నడన్న గా హాల్ల మైకు పట్టుకొని ఒణుకుకుంట నిలవడ్డ పోరి యాదికొస్తది. దానికి మర్యాద తెల్వదు, ఎక్కడ ఆగాల్నో తెల్వదు. అయినా నాకు దాని మీద మస్తు ప్రేమ, పావురం. ఇప్పటి నేను ఆనాడు దాని పక్క కుర్చీల ఉంటె, కొంగు వట్టి కిందికి గుంజి "కూసో తియ్యే, మనకెందుకు" అందునేమొ. మంచిగైంది, ఇప్పటి నేను అప్పుడు అక్కడ లేను.